హైతీ రైతు కట్టిన బాకీ

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

సావనీరు కమిటీ మిత్రులు నన్ను అడిగింది ఈ వ్యాసం కాదు. "నువ్వు జువాలజీ వాడివి గదా, కలరా క్రిమి మీద నాలుగు పేజీలు రాసివ్వు, సైన్సు విభాగంలో వేసుకుంటాం" అన్నారు. సరేనన్నాను. కలరా క్రిమి పేరు విబ్రియో కలరే. కామా గుర్తులాగా వంకరగా ఉంటుంది. నీళ్ళ ద్వారా పాకుతుంది. రాబర్ట్ కాక్ దాన్ని 1883లో ఈజిప్టులోనూ, మరుసటి ఏడు కలకత్తాలోనూ పరిశీలించి రోగానికి అదే మూలమని చెప్పాడు. ఇంతవరకు మనం పరీక్షకు చదివిందే. ఈమధ్య కాలంలో కలరా పెద్దయెత్తున ఎక్కడ వచ్చిందా అని పుస్తకాలు తిరగేస్తే హైతీ అనే దేశం తగిలింది.

2010కి ముందు కనీసం నూరేళ్ళుగా అక్కడ కలరా జాడ లేదు. ఆ సంవత్సరం అక్టోబరులో మొదలై దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. ఎనిమిది లక్షల మందికి పైగా రోగాన పడ్డారు. క్రిమి ఆకాశం నుంచి ఊడిపడదు గదా, ఎక్కడినుంచి వచ్చింది? శాంతిని కాపాడతామని వచ్చిన విదేశీ సైనికుల శిబిరం నుంచి వచ్చింది. మరి ఆ సైనికులు అక్కడెందుకున్నారు? దానికి జవాబు వెతికితే అంతకు పదేళ్ళ కిందట దిగిన ఇంకో సైన్యం కనపడింది. దాని వెనక ఇంకొకటి. అట్లా వెనక్కి పోగా పోగా 1791 దగ్గర ఆగాను. అప్పటికే కలరా వ్యాసం కాస్తా చరిత్ర వ్యాసమై కూర్చుంది. నేను చరిత్ర విద్యార్థిని కాను. సేద్యగాడి కొడుకుని కాబట్టి అప్పుల లెక్క, పశువుల లెక్క కొంత తెలుసు. ఆ చూపుతోనే రాస్తున్నాను. తప్పులుంటే హిస్టరీ మిత్రులు దిద్దగలరు.

ప్రపంచ పటంలో క్యూబాకు తూర్పున హిస్పానియోలా దీవి ఉంది. దాని పడమటి మూడోవంతు హైతీ, మిగిలింది డొమినికన్ రిపబ్లిక్. హైతీ వైశాల్యం 27,750 చదరపు కిలోమీటర్లే. కొండల నేల అనే అర్థంలో ఆదివాసులు పెట్టుకున్న పేరది. 1492లో కొలంబస్ దిగిన తర్వాత కొద్ది తరాల్లోనే ఆ ఆదివాసులు తుడిచిపెట్టుకుపోయారు. పేరొక్కటి మిగిలింది. 1697లో స్పెయిన్ ఈ పడమటి ముక్కను ఫ్రాన్సుకు వదిలేసింది. ఫ్రెంచివాళ్ళు దీనికి సాన్ దొమాంగ్ అని పేరు పెట్టి, ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల అడుగున కుక్కి తెచ్చి, చెరకు, కాఫీ, నీలిమందు పండించారు. 1789 నాటికి అక్కడ బానిసలు సుమారు 5 లక్షలు. తెల్లవాళ్ళు ముప్ఫై నలభై వేలకు మించరు. యూరపు తాగే కాఫీలో సగానికి పైగా ఈ చిన్న ముక్కనుంచే పోయేది. అక్కడ పుట్టేవాళ్ళకన్నా చచ్చేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఏటేటా కొత్త బానిసలను కొనితెచ్చేవారు.

1791 ఆగస్టు 22 రాత్రి ఉత్తరపు మైదానాల్లో ఆ మనుషులు తిరగబడ్డారు. తోటలు తగలబడ్డాయి. ఆ మంటల్లో చలికాచుకోవడానికి ఇరుగుపొరుగు రాజ్యాలు వచ్చాయి. తూర్పునుంచి స్పెయిన్, సముద్రం మీదనుంచి బ్రిటన్. బ్రిటిషు సైన్యం 1793లో దిగి అయిదేళ్ళు పోరాడి, వేలమంది సిపాయిలను పోగొట్టుకొని 1798లో వెనుదిరిగింది. బానిసగా పుట్టిన తూసాన్ లూవెర్త్యూర్ అనే సేనాని వాళ్ళను నిలవనివ్వలేదు. 1802లో నెపోలియన్ తన చెల్లెలి మొగుడు లెక్లేర్‌ను పెద్ద సేనతో పంపాడు. మాట్లాడుకుందాం రమ్మని పిలిచి తూసాన్‌ను పట్టేశారు. ఫ్రాన్సులో మంచు కొండల మధ్య ఒక కోటలో పెడితే, ఎండ దేశపు మనిషి 1803 ఏప్రిల్ 7న అక్కడే కన్నుమూశాడు. లెక్లేర్ అంతకుముందే ఎల్లో ఫీవర్‌తో పోయాడు. ఆ జ్వరాన్ని మోసేది ఈడిస్ దోమ అన్న సంగతి ఇంకా నూరేళ్ళకు గాని లోకానికి తెలియదు. ఆ దోమ కూడా ఆఫ్రికా నుంచి బానిస ఓడల్లోని నీళ్ళపీపాల వెంట వచ్చిందేనట. 1803 నవంబరు 18న వెర్తియేర్ దగ్గర ఫ్రెంచి సేన ఓడింది. 1804 జనవరి 1న దెస్సలీన్ నాయకత్వాన స్వతంత్ర హైతీ పుట్టింది. బానిసలు తిరగబడి సొంతంగా దేశాన్ని నిలబెట్టుకున్నది చరిత్రలో ఈ ఒక్కచోటే. తెల్లవాడెవడూ యజమానిగా ఈ నేలమీద కాలు మోపరాదు, భూమి కొనరాదు అని 1805 రాజ్యాంగంలో రాసుకున్నారు.

ఇంతవరకు ఏ పుస్తకం చూసినా ఉంటుంది. నన్ను పట్టి నిలబెట్టింది దీని తర్వాతి సంగతి.

హైతీని ఏ దేశమూ దేశంగా గుర్తించలేదు. దాన్ని చూసి తమ బానిసలు ఎక్కడ చెడిపోతారోనని భయం. పక్కనున్న అమెరికా 1862 దాకా ఆ ఊసే ఎత్తలేదు. ఇట్లా ఇరవై ఏళ్ళు గడిచాక, 1825 జూలైలో ఫ్రెంచి యుద్ధనౌకలు పద్నాలుగు, సుమారు 500 ఫిరంగులతో వచ్చి రాజధాని పోర్టో ప్రిన్స్ ముందు నిలబడ్డాయి. ఓడల్లో వచ్చిన రాయబారి చేతిలో ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ ఏప్రిల్ 17న సంతకం చేసిన ఫర్మానా ఉంది. దాని సారాంశమిది. మీ స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తాం. అందుకు బదులుగా, మా వాళ్ళు పోగొట్టుకున్న ఆస్తికి 15 కోట్ల ఫ్రాంకులు అయిదు వాయిదాల్లో కట్టండి. మా సరుకుకు సుంకం సగమే వేయండి.

పోగొట్టుకున్న ఆస్తి అంటే తోటలూ ఇళ్ళూ మాత్రమే అనుకున్నాను మొదట. అందులో బానిసల ఖరీదు కూడా ఉంది. అంటే తన తల్లిని అమ్మిన ధర, తన ధర, లెక్క కట్టి, గెలిచినవాడే ఓడినవాడికి చెల్లించాలి. అప్పటి అధ్యక్షుడు బోయే ఒప్పుకున్నాడు. ఫిరంగుల ముందు ఒప్పుకోక ఏం చేస్తాడని కొందరంటారు. నిజమే కావచ్చు. కానీ ఆయన మరుసటి ఏడు తెచ్చిన గ్రామీణ చట్టం చదివితే నాకు జాలి తగ్గింది. కూలీలు తోట విడిచి పోరాదు, తిరిగితే దేశదిమ్మరి కింద పట్టుకుంటాం అన్నాడు. ఫ్రాన్సు వాయిదా కట్టాలంటే కాఫీ పండాలి. కాఫీ పండాలంటే నిన్న గొలుసులు తెంచుకున్నవాణ్ణి మళ్ళీ తోటలో కట్టేయాలి.

మొదటి వాయిదా 3 కోట్లు కట్టడానికి ఖజానాలో డబ్బు లేదు. అప్పు చేయాలి. ఎవరి దగ్గర? ఫ్రాన్సు బ్యాంకర్ల దగ్గరే. 3 కోట్లకు పత్రం రాయించుకొని, వాళ్ళ ఖర్చులూ లాభాలూ ముందే పట్టుకొని, చేతికిచ్చింది 2 కోట్ల 40 లక్షలు. ఈ పద్ధతి మా ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. పదివేలకు నోటు రాసి ఎనిమిదివేలు లెక్కపెట్టి తెచ్చుకోవడం, గడువుకు తీర్చలేకపోతే నోటు తిరగరాయడం. మా తాత రాసిన నోటు ఒకటి మా నాయన తీర్చాడు. ఒక దేశం మొత్తం అట్లా నోటు రాసివ్వగలదని మాత్రం నాకు అంతవరకు తెలియదు.

1838లో ఫ్రాన్సు దయతలచి మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించింది. అయినా పరిహారమొకటి, పరిహారం కోసం తెచ్చిన అప్పొకటి, రెండూ నడుస్తూనే ఉన్నాయి. ఈ డబ్బంతా ఎక్కడినుంచి వచ్చింది? కాఫీ ఎగుమతి సుంకం నుంచి. కొండవాలు మీద అరెకరం కాఫీ చెట్లున్న రైతు గంప నెత్తిన పెట్టుకొని సంతకు పోతే, ఆ గంప ధరలోంచే ఫ్రాన్సు వాటా పోయేది. న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు 2022లో పాత లెక్కలు తవ్వి, హైతీ కట్టిన సొమ్ము నేటి విలువలో 56 కోట్ల డాలర్లని తేల్చారు. ఆ సొమ్ము దేశంలోనే ఉండి బళ్ళకూ బాటలకూ కాలవలకూ ఖర్చయి ఉంటే ఎన్నో రెట్లు పెరిగి ఉండేదనీ, ఆ నష్టం 2,100 కోట్ల నుంచి 11,500 కోట్ల డాలర్ల దాకా ఉండవచ్చనీ వాళ్ళ అంచనా.

పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి ఎవరు పడితే వాళ్ళు ఓడ తెచ్చి వసూలు చేసుకోవడం అలవాటైపోయింది. 1897లో లూడర్స్ అనే జర్మను జాతీయుణ్ణి ఒక కొట్లాట కేసులో జైల్లో పెడితే, రెండు జర్మను యుద్ధనౌకలు వచ్చి, గంటల గడువు పెట్టి, 20 వేల డాలర్లు, క్షమాపణ, 21 తుపాకుల వందనం వసూలు చేసుకొని పోయాయి. వడ్డీ వ్యాపారి అయినా కల్లం దగ్గరికి తుపాకి తేడు.

ఇక అమెరికా వంతు. 1914 డిసెంబరు 17న అమెరికా మెరైన్లు మాచియస్ అనే ఓడ దిగి, హైతీ జాతీయ బ్యాంకులోకి నడిచివెళ్ళి, 5 లక్షల డాలర్ల బంగారం పెట్టెల్లో సర్దుకొని న్యూయార్కు తీసుకుపోయారు. ఆ బ్యాంకులో న్యూయార్కు నేషనల్ సిటీ బ్యాంకుకు వాటా ఉంది. ఏడు నెలల తర్వాత, 1915 జూలైలో, అధ్యక్షుడు గియోమ్ సామ్ రాజకీయ ఖైదీలను జైల్లో చంపించాడు. కోపోద్రిక్తులైన జనం అతన్ని లాగి చంపేశారు. జూలై 28న మెరైన్లు శాంతిభద్రతల పేరుతో దిగారు. శాంతి నెలకొనడానికి పందొమ్మిదేళ్ళు పట్టిందన్నమాట. వాళ్ళు వెళ్ళింది 1934 ఆగస్టులో.

అమెరికా వాళ్ళు రోడ్లు వేశారు, ఆసుపత్రులు కట్టారు, టెలిఫోను తెచ్చారు. ఈ మాట దాచడం సబబు కాదు. కానీ రోడ్లు ఎట్లా వేశారు? 1864 నాటి పాత చట్టం ఒకటి దుమ్ము దులిపి 1916లో బయటికి తీశారు. ఊరివాళ్ళు ఏడాదిలో కొన్ని రోజులు ఊరి బాట మీద పనిచేయాలన్నది ఆ చట్టం. మన వెట్టిచాకిరీ లాంటిదే. దాని పేరు చెప్పి రైతులను తాళ్ళతో కట్టి దూరపు జిల్లాలకు తోలుకుపోయారు. తాతముత్తాతలు గొలుసులతో నడిచిన నేలమీద మనవలు తాళ్ళతో నడిచారు. 1918లో వెట్టిని రద్దు చేశామని ప్రకటించారు గాని, అప్పటికే కొండల్లో రైతులు కత్తులు పట్టారు. వాళ్ళకు కాకోలని పేరు. నాయకుడు షార్లెమాన్ పెరాల్త్. చిన్నపాటి భూస్వామి, మాజీ సైనికాధికారి. అతన్ని పట్టుకొని ఖైదీ బట్టలతో వీధులు ఊడిపించారు. అక్కడినుంచి తప్పించుకొని వేలమందిని కూడగట్టాడు. 1919 అక్టోబరు 31 రాత్రి, ముఖానికి నల్లరంగు పూసుకొని స్థానికుల వేషంలో వచ్చిన ఒక అమెరికన్ అతన్ని కాల్చి చంపాడు. శవాన్ని తలుపుచెక్కకు నిలబెట్టి కట్టి, ఫోటో తీసి, చూసి బుద్ధి తెచ్చుకోండని ఊరూరా పంచారు. జనం ఆ ఫోటోలో శిలువ మీది క్రీస్తును చూశారు. భయపెట్టడానికి తీసిన బొమ్మ పూజగదుల్లోకి పోయింది.

ఈ మధ్యలో రాజ్యాంగం కూడా మారింది. విదేశీయుడు భూమి కొనరాదన్న నియమాన్ని ఎత్తేయడానికి పార్లమెంటు ఒప్పుకోలేదు. 1917లో ఆ పార్లమెంటునే మూసేశారు. 1918లో ఓటింగు పెడితే అనుకూలం 98 వేలకు పైగా, వ్యతిరేకం 768. మన కాలేజీ ఎన్నికల్లో కూడా ఇంత ఏకగ్రీవం సాధ్యం కాదు. ఆ రాజ్యాంగం నేనే రాశానని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1920 ఎన్నికల ప్రచారంలో గొప్పగా చెప్పుకున్నాడు. 1922లో ఫ్రెంచి అప్పు తీర్చడానికంటూ అమెరికాలో కొత్త అప్పు తెచ్చారు. అంటే ఇక్కడ కూడా నోటు తిరగరాయడమే. సైన్యం 1934లో వెళ్ళినా, ఖజానా మీద అమెరికా అజమాయిషీ ఆ అప్పు తీరిన 1947 దాకా సాగింది. 1825లో మొదలైన బాకీ 1947లో తీరింది! నూట ఇరవై రెండేళ్ళు.

మన సంచికలో ఇది తప్పక రాయాలనిపించింది. ఆ సైన్యం వెళ్ళడానికి దారితీసిన కదలిక ఒక కాలేజీలో మొదలైంది. పోర్టో ప్రిన్స్ దగ్గర దామియెన్ అనే చోట అమెరికన్లు నడిపే వ్యవసాయ కళాశాల ఉండేది. 1929లో దాని డైరెక్టరు విద్యార్థుల స్కాలర్‌షిప్పుల్లో కోత పెట్టాడు. అక్టోబరు 31న విద్యార్థులు క్లాసులు వదిలి బయటికొచ్చారు. తేదీ గమనించండి, పెరాల్త్ చనిపోయి సరిగ్గా పదేళ్ళు. కావాలని ఆ రోజు ఎంచుకున్నారో లేదో నాకు ఎక్కడా కనపడలేదు. వైద్య, న్యాయ విద్యార్థులు తోడయ్యారు. నెల తిరిగేసరికి కస్టమ్స్ గుమాస్తాలు పని మానేశారు. స్కాలర్‌షిప్పు గొడవ కాస్తా దేశం గొడవ అయింది. డిసెంబరు 6న దక్షిణాన లె కాయ్ పట్టణం దగ్గర, పన్నులకూ ధరలకూ విసిగిన రైతులు పదిహేను వందలమంది దాకా ఊరేగింపుగా వస్తుంటే మెరైన్లు కాల్పులు జరిపారు. అధికారికంగా ఒప్పుకున్న లెక్కకే 12 మంది చనిపోయారు. ఆ వార్త అమెరికాలోనే గగ్గోలు పుట్టించింది. అధ్యక్షుడు హూవర్ 1930లో ఒక విచారణ సంఘాన్ని పంపాడు. అక్కడినుంచి వెనక్కి వెళ్ళే ఏర్పాట్లు మొదలయ్యాయి. బోటనీ, అగ్రికల్చరు చదివే పిల్లలకు రాజకీయాలెందుకని మనకు తరచు చెబుతుంటారు. దామియెన్ విద్యార్థులకు కూడా అదే చెప్పి ఉంటారు.

బోటనీ అంటే గుర్తొచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో రబ్బరు కొరత వచ్చినప్పుడు, 1941లో అమెరికా సొమ్ముతో ఒక సంస్థను పెట్టి, హైతీ రైతుల భూములు తీసుకొని, మామిడి లాంటి పళ్ళచెట్లు కొట్టేసి, క్రిప్టోస్టీజియా అనే పాలుగారే తీగను నాటారు. అది మన మెట్ట ప్రాంతాల్లో రోడ్ల పక్కన కంపల మీద పాకే తీగే, ఊదారంగు పూలు పూస్తుంది. రబ్బరు రాలేదు. 1944లో పథకం ఎత్తేశారు. కొట్టేసిన చెట్లు తిరిగి రావు గదా.

1957 నుంచి 1986 వరకు డువాలియే తండ్రీకొడుకుల నియంతృత్వం. తండ్రి టాంటాన్ మాకూట్లనే ముఠాలను పెంచి జనాన్ని హింసించాడు. ఇది స్వదేశీ పాపమే. కానీ క్యూబా పక్కన కమ్యూనిస్టు వ్యతిరేకి ఒకడుండడం అమెరికాకు అవసరం కాబట్టి సాయం అందుతూ వచ్చింది. 1986 ఫిబ్రవరి 7న కొడుకు దేశం విడిచి పారిపోయింది కూడా అమెరికా సైనిక విమానంలోనే. ఈ కాలంలో జరిగినదాన్లో నేను పందుల కథ దగ్గరే ఆగుతాను. ఎందుకంటే ఇందులో తుపాకి లేదు, సైన్సు ఉంది.

హైతీ నాటుపంది నల్లగా, చిన్నగా ఉండేది. కొలంబస్ తర్వాత వచ్చిన పందుల సంతతి. ఎండకు తట్టుకుంటుంది, చెత్తాచెదారం తింటుంది, రోజుల తరబడి తిండి లేకున్నా బతుకుతుంది, నేలను కుళ్ళగించి ఎరువేస్తుంది. దాదాపు ప్రతి రైతు ఇంట్లో ఒకటో రెండో ఉండేవి. జబ్బు చేసినా, పెళ్ళి వచ్చినా, అక్టోబరులో బడి తెరిచి ఫీజు కట్టాల్సి వచ్చినా పందిని అమ్మేవాళ్ళు. ఈ వాక్యం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. నేను ఈ కాలేజీలో చేరేటప్పుడు మా ఇంట్లో ఎనుమును అమ్మారు. ఈనడానికి ఇంకా రెండు నెలలుంది. మా అమ్మ సంతకు రాలేదు.

1978లో డొమినికన్ రిపబ్లిక్‌లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడి హైతీకి పాకింది. అది వైరస్ జబ్బు. మనుషులకు రాదు, పందులకు మాత్రం ప్రాణాంతకం. అప్పట్లో టీకా లేదు. తన దేశపు పందుల పరిశ్రమకు సోకుతుందని అమెరికాకు దిగులు. అమెరికా, కెనడా, మెక్సికోల సొమ్ముతో, డువాలియే సర్కారు అనుమతితో 1982–83లో దేశంలోని పందుల్నన్నిటినీ, జబ్బున్నదీ లేనిదీ చూడకుండా, వెతికి వెతికి చంపారు. రోగ నియంత్రణ పాఠం ప్రకారం చూస్తే ఇందులో తప్పు పట్టడం కష్టం. సోకిన మందను చంపడమే మార్గమని మన పుస్తకాల్లోనూ ఉంది. 1982 నాటికి బతికున్నవి జబ్బును తట్టుకున్నవేమో, వాటిలో కొన్నిటినైనా విడిగా ఉంచి పరీక్షించి సంతతిని కాపాడవచ్చు గదా అని రైతులు అడిగారు. నాకూ ఆ ప్రశ్న న్యాయంగానే కనిపిస్తుంది. చంపినవాటికి పరిహారం చాలామందికి అందలేదు. బదులుగా అమెరికాలోని అయోవా నుంచి తెల్లపందులు వచ్చాయి. వాటికి సిమెంటు నేల కావాలి, రేకుల కప్పు కావాలి, శుభ్రమైన నీళ్ళు, కొనుక్కొచ్చిన దాణా కావాలి. ఇవన్నీ ఆ రైతు ఇంట్లో పిల్లలకే లేవు. వాటికి జనం "నాలుగు కాళ్ళ రాకుమారులు" అని పేరు పెట్టారు. కొత్త పందులు నిలవలేదు. బడికి పోయే పిల్లల సంఖ్య పడిపోయింది. చాలామంది చెట్లు నరికి బొగ్గు కాల్చి అమ్ముకోవడానికి దిగారు. కొండలు బోడి అయ్యాయని విదేశీ నిపుణులు రిపోర్టులు రాసినప్పుడు ఈ సంగతి కూడా ఒక వాక్యం రాస్తే బాగుండేది.

బియ్యం కథ క్లుప్తంగా చెబుతాను. ఆర్తిబోనీత్ లోయలో వరి పండుతుంది. 1980ల తొలి రోజుల దాకా దేశం తినే బియ్యంలో ఎక్కువభాగం సొంతానిదే. 1990లో పేదల అభిమానంతో గెలిచిన అరిస్టీడ్ అనే ఫాదరీని 1991 సెప్టెంబరు 30న సైన్యం దించేసింది. 1994లో ఇరవైవేలమంది అమెరికా సైనికులు దిగి, ఆయన్ను అక్టోబరు 15న మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టారు. ఈ ఒక్కసారి జనం చప్పట్లు కొట్టారు. కానీ ఆయన వెంట అప్పులిచ్చే సంస్థల షరతులు కూడా వచ్చాయి. 1995లో బియ్యం దిగుమతి సుంకాన్ని 3 శాతానికి దించారు. సర్కారు రాయితీలతో పండిన అమెరికా బియ్యం చవగ్గా వచ్చి పడింది. జనం దాన్ని "మయామి బియ్యం" అన్నారు. ఇప్పుడు తినేదాంట్లో అయిదింట నాలుగు పాళ్ళు దిగుమతే. ఆ విధానం మా ఆర్కన్సా రైతులకు కొంత మేలు చేసింది గాని హైతీకి కాదు, అది తప్పు, నేనే చేశాను అని మాజీ అధ్యక్షుడు క్లింటన్ 2010 మార్చిలో అమెరికా సెనేటు సంఘం ముందు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాలి. ఆ పదిహేనేళ్ళలో మడి విడిచి పట్నం చేరిన రైతులు పోర్టో ప్రిన్స్ మురికివాడల్లో ఇళ్ళమీద ఇళ్ళు కట్టుకున్నారు. 2010 జనవరి 12న భూకంపం వచ్చినప్పుడు కూలింది అట్లాంటి ఇళ్ళే.

అరిస్టీడ్ రెండోసారి అధ్యక్షుడై, తూసాన్ రెండువందల వర్ధంతినాడు, 2003 ఏప్రిల్ 7న, మా సొమ్ము మాకివ్వండని ఫ్రాన్సును అడిగాడు. లెక్క కూడా వేసి చెప్పాడు: 21,685,135,571 డాలర్ల 48 సెంట్లు. ఆ 48 సెంట్లను చూసి చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వడ్డీ లెక్క పైసలతో సహా వేసేది అప్పిచ్చినవాళ్ళే గదా, ఒకసారి అప్పు తీర్చినవాడు వేశాడు. ఏడాది తిరగకముందే దేశంలో సాయుధ తిరుగుబాటు వచ్చింది. 2004 ఫిబ్రవరి 29 తెల్లవారుజామున అమెరికా ఏర్పాటు చేసిన విమానంలో ఆయన దేశం దాటాడు. తానే రాజీనామా చేశాడని అమెరికా, తనను ఎత్తుకుపోయారని ఆయన. అరిస్టీడ్ పాలనలోనూ ముఠాలున్నాయి, అవినీతి ఉంది; ఆయన్ను దేవుణ్ణి చేయనక్కర్లేదు. కానీ తర్వాత వచ్చిన ప్రభుత్వం మొదట్లోనే చేసిన పనుల్లో ఆ దావాను వదిలేయడం ఒకటి. ఆ జూన్‌లో ఐక్యరాజ్యసమితి సేన వచ్చింది. పదమూడేళ్ళుంది.

ఇప్పుడు నా కలరా దగ్గరికి వచ్చాను. మిర్‌బలే పట్టణం దగ్గర, ఆర్తిబోనీత్‌లో కలిసే ఒక చిన్న వాగు ఒడ్డున సమితి సేనలోని నేపాలు దళం శిబిరం ఉంది. 2010 శరత్కాలంలో ఖాట్మండులో కలరా వ్యాపించి ఉంది. అక్కడినుంచి కొత్తగా వచ్చిన దళం మరుగుదొడ్ల మురుగు సరైన ఏర్పాటు లేక వాగులోకి పోయింది. ఆ సిపాయిలను నేను తప్పు పట్టలేను. వాళ్ళూ కొండల మీది రైతుబిడ్డలే అయివుంటారు. తప్పు మురుగు ఏర్పాటును గాలికొదిలిన పైవాళ్ళది. మిర్‌బలేలో మొదలైన రోగం నది వెంట కిందికి, వరిమళ్ళ లోయంతా దిగింది. చేలో పనిచేస్తూ కాలవలో నీళ్ళు తాగిన వాళ్ళు మొదట పోయారు. ఫ్రెంచి శాస్త్రవేత్త పియరూ కేసులను తేదీలవారీగా పటం మీద గుర్తిస్తూ వెనక్కి వెళ్ళి ఆ శిబిరం దగ్గర తేలాడు. 2011లో క్రిమి జన్యువులను పోల్చి చూస్తే నేపాలు రకంతో దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. అయినా సమితి ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. బాధితులు అమెరికా కోర్టుకు పోతే, సమితి మీద దావా చెల్లదని 2016లో కొట్టేశారు. ఆ డిసెంబరులో ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పి 40 కోట్ల డాలర్ల సాయ పథకం ప్రకటించాడు. సభ్యదేశాలు అందులో కొద్దిపాటి సొమ్మే ఇచ్చాయి. ఈ బాకీకి మాత్రం ఏ యుద్ధనౌకా పోలేదు.

2017 అక్టోబరులో ఆ సేన వెళ్ళిపోయింది. 2019 తొలినాళ్ళ తర్వాత కలరా కేసులు ఆగాయి. 2021 జూలై 7న అధ్యక్షుడు మోయిజ్‌ను ఇంట్లోనే కాల్చి చంపారు. చంపినవాళ్ళలో ఎక్కువమంది కిరాయికి వచ్చిన కొలంబియా మాజీ సైనికులు. ముఠాలు రాజధానిని చుట్టుముట్టాయి. 2022 అక్టోబరులో హైతీ ప్రభుత్వం విదేశీ బలగాలను మళ్ళీ పంపండని అర్జీ పెట్టుకుంది. 2024 జూన్‌లో కెన్యా పోలీసులు దిగారు. 2025 సెప్టెంబరు 30న ఆ బలగాన్ని ఇంకా పెద్దది చేయడానికి భద్రతామండలి తీర్మానించింది. అదే ఏడాది ఏప్రిల్ 17న, ఫర్మానాకు రెండువందల ఏళ్ళు నిండిన రోజున, ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ ఆ పాత బాకీ సంగతి పరిశీలించడానికి ఉభయదేశాల చరిత్రకారులతో సంఘం వేస్తామన్నాడు. సొమ్ము మాట ఎత్తలేదు. ముఠాల చేతిలో నలుగుతున్న తల్లికి కెన్యా పోలీసు అయినా సరే రావాలనే ఉంటుంది. దూరంగా లైబ్రరీలో కూర్చొని వద్దనే హక్కు నాకు లేదు.

ఆ అర్జీ పెట్టుకున్న 2022 అక్టోబరులోనే, మూడేళ్ళకు పైగా ఒక్క కేసూ లేని హైతీలో కలరా మళ్ళీ వచ్చింది. ఇది ఎక్కడినుంచి వచ్చిందోనని శాస్త్రజ్ఞులు జన్యువులను పరీక్షించారు. కొత్తది కాదు, 2010లో వచ్చిన రకం సంతతే. తెచ్చిన సేన వెళ్ళి అయిదేళ్ళయినా, క్రిమి అక్కడి నీళ్ళల్లోనో మనుషుల్లోనో కనపడకుండా బతికే ఉంది.